కదిలిన చుక్క: మద్రాసులో దొరికిన చిన్న గ్రహం

సూర్యకుటుంబంలోని గ్రహాల పేర్లు చెప్పమంటే మీరంతా తడుముకోకుండా చెప్పగలరు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. ఇవిగాక కుజుడికీ గురుడికీ నడుమ లక్షల సంఖ్యలో చిన్న చిన్న గ్రహాలు కూడా సూర్యుని చుట్టూ తిరుగుతున్నాయి. వాటిని లఘుగ్రహాలు అంటారు. వాటిలో ఒకదాని పేరు ‘ఆసియా’. వరుస సంఖ్య 67. మన ఖండం పేరు దానికి ఎలా వచ్చింది? ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొట్టమొదటి లఘుగ్రహం అది. దొరికిన చోటు మనకు ఎంతో దూరం కాదు, మద్రాసు. దొరికిన రోజు 1861 ఏప్రిల్ 17.

మామూలు కంటికి ఆనని ఆ చుక్కను ఎలా పట్టుకున్నారు? వేలాది నక్షత్రాల మధ్య అది నక్షత్రం కాదని ఎలా తెలిసింది? అంత దూరాన ఉన్నదాని దూరాన్ని ఎలా లెక్కగట్టారు? ఇందుకు పెద్ద గణితం ఏమీ అక్కరలేదు. మీ తరగతి పుస్తకంలోని గుణకారాలు, వర్గమూలాలు చాలు. ఒక్కొక్కటే చూద్దాం.

ఖాళీ జాగాలో ఏముంది?

భూమికీ సూర్యునికీ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఈ దూరాన్ని ఒక ‘ఖగోళ ప్రమాణం’ అంటారు. ఈ కొలతలో చెప్పుకుంటే సూర్యుని నుంచి బుధుడు 0.39, శుక్రుడు 0.72, భూమి 1, కుజుడు 1.52 దూరంలో ఉన్నాయి. ఆ తరువాత గ్రహం గురుడు. దాని దూరం 5.2. కుజుని వరకు గ్రహాలు దగ్గర దగ్గరగా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా అంత పెద్ద ఖాళీ ఎందుకు వచ్చింది? ఆ ఖాళీలో మనకు తెలియని గ్రహం ఒకటి ఉండి ఉంటుందని 18వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు చాలామంది అనుకున్నారు.

1801 జనవరి 1 రాత్రి ఇటలీ దేశంలోని సిసిలీ ద్వీపంలో, పలెర్మో నగరపు వేధశాలలో పియాజీ అనే శాస్త్రజ్ఞుడు పని చేసుకుంటున్నాడు. ఆయన గ్రహాన్ని వెదకడం లేదు. నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నాడు. ఒక్కొక్క నక్షత్రం ఎక్కడ ఉన్నదో కొలిచి రాసుకోవడం, మరునాడు మళ్లీ కొలిచి సరిచూసుకోవడం ఆయన పద్ధతి. ఆ రాత్రి రాసుకున్న ఒక చిన్న చుక్క మరునాటికి కాస్త పక్కకు జరిగింది. మూడో రాత్రి మరికొంత జరిగింది. నక్షత్రాలు అలా జరగవు. అదే మొదటి లఘుగ్రహం సీరిస్.

కొద్ది వారాలకు అది సూర్యుని వెలుగు చాటుకు వెళ్లిపోయింది. తిరిగి ఎక్కడ బయటపడుతుందో ఎవరికీ తెలియలేదు. అప్పుడు జర్మనీలో గౌస్ అనే 24 ఏళ్ల గణితవేత్త, పియాజీ రాసిపెట్టిన అంకెలను తీసుకుని, ఆ చుక్క నడిచే దారిని లెక్కవేసి చెప్పాడు. 1801 డిసెంబరు ఆఖరి రోజున, ఆయన చెప్పిన చోటుకు దగ్గరలోనే సీరిస్ మళ్లీ కనిపించింది. ఆ కొద్ది రాత్రుల అంకెలు కాగితం మీద లేకపోతే కనుగొన్న గ్రహం కాస్తా చేజారిపోయేదే.

తరువాత 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా దొరికాయి. అయిదోది దొరకడానికి 1845 దాకా ఆగవలసి వచ్చింది. ఆపైన మంచి నక్షత్ర పటాలు రావడంతో ఏటేటా కొత్తవి కనబడసాగాయి.

ముక్కలా, ఇటుకలా?

మన పాఠ్యపుస్తకాలలో వీటికి ‘గ్రహశకలాలు’ అనే పేరు కూడా ఉంది. శకలం అంటే ముక్క. ఒకప్పుడు అక్కడ ఒక పెద్ద గ్రహం ఉండేదని, అది పగిలి ముక్కలయిందని కొందరు భావించారు. ఈనాడు శాస్త్రజ్ఞులు అలా అనుకోవడం లేదు. ప్రధాన వలయంలోని లఘుగ్రహాలన్నిటినీ ఒక్కచోట కుప్పపోసినా ఆ ద్రవ్యరాశి మన చందమామలో నూటికి 3 వంతులు మాత్రమే అవుతుంది. అంత కొంచెం సరుకుతో పెద్ద గ్రహం ఎలా అవుతుంది?

నిజానికి ఇవి కూలిన ఇంటి పెళ్లలు కావు, ఇల్లు కట్టక మిగిలిన ఇటుకలు. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం సూర్యుని చుట్టూ ఉన్న ధూళి, రాళ్లు కలిసి గ్రహాలుగా ఏర్పడుతున్నప్పుడు, పక్కనే ఉన్న మహాకాయుడు గురుడు తన ఆకర్షణతో ఈ ప్రాంతాన్ని కలచివేశాడు. రాళ్లు మెల్లగా వచ్చి ఒకదానికొకటి అతుక్కోవడానికి బదులు వేగంగా ఢీకొని చిట్లిపోయాయి. ఎన్నో బయటికి విసిరివేయబడ్డాయి. మిగిలినవే లఘుగ్రహాలు. చిన్నవాటిలో చాలా భాగం, తరువాత జరిగిన ఢీకొట్టుకోవడాల్లో పెద్ద లఘుగ్రహాల నుంచి విరిగిన ముక్కలు. ఆ మేరకు శకలాలు అనడం తప్పు కాదు.

సినిమాలలో చూపినట్లు ఇవి ఒకదానినొకటి రాసుకుంటూ గుంపుగా తిరగవు. లక్షలాదిగా ఉన్నా వాటి మధ్య ఎడం కూడా లక్షల కిలోమీటర్లలో ఉంటుంది. మనుషులు పంపిన అంతరిక్ష నౌకలు ఎన్నో ఈ వలయం గుండా క్షేమంగా దాటిపోయాయి.

నుంగంబాకం వేధశాల

మద్రాసులోని నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ 1792లో ఒక వేధశాలను నెలకొల్పింది. ఓడలు సముద్రం మీద దారి తెలుసుకోవాలన్నా, భూమిని కొలిచి పటాలు గీయాలన్నా నక్షత్రాల స్థానాలు కచ్చితంగా తెలియాలి. అందుకే వ్యాపారం చేసే కంపెనీకి కూడా వేధశాల అవసరమయింది. 1844లో ఇక్కడి నుంచి 11,015 నక్షత్రాల పట్టిక వెలువడి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది.

1861లో నార్మన్ రాబర్ట్ పాగ్సన్ అనే ఆంగ్లేయుడు ఈ వేధశాలకు అధిపతిగా వచ్చాడు. అంతకుముందు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పనిచేస్తూ ఐసిస్, ఏరియాడ్నే, హెస్టియా అనే మూడు లఘుగ్రహాలను కనుగొన్నవాడు. మద్రాసులో అడుగుపెట్టిన ఏడాదే, ఏప్రిల్ నెలలో ‘ఆసియా’ను పట్టుకున్నాడు. ఆపైన 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వెరా. ఈ అయిదూ మద్రాసు ఆకాశంలో దొరికినవే. 1891లో చనిపోయే వరకు, ముప్పై సంవత్సరాలు ఆయన అక్కడే పనిచేశాడు. ఆయన కూతురు ఐసిస్ కూడా 1873 నుంచి అదే వేధశాలలో సహాయకురాలిగా ఉద్యోగం చేసింది.

1861లో మన ప్రాంతం ఎలా ఉండేదో తెలుసా? గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలోని సంస్థానాలు. తుంగభద్ర దాటి కర్నూలులో అడుగుపెడితే అది మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడ ముసలివాళ్లు ఆరుబయట మంచాల మీద పడుకుని గొల్లకావడినీ పిల్లలకోడినీ చూపి పిల్లలకు కథలు చెబుతున్న ఆ రాత్రులలోనే, మద్రాసులో ఒకాయన దూరదర్శినికి కన్ను ఆనించి చుక్కలను పటంతో పోల్చుకుంటున్నాడన్న మాట.

చుక్క కదిలిందని ఎలా తెలిసింది?

ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా ఆనాడు లఘుగ్రహం కేవలం చుక్కలాగానే కనిపించేది. రంగులో, ఆకారంలో నక్షత్రానికీ దానికీ తేడా తెలియదు. ఒక్కటే తేడా. అది కదులుతుంది.

దూరాన చెరువులో ఇరవై కొంగలు నిలబడి ఉన్నాయనుకోండి. ఒక్కసారి చూసి వాటిలో ఏది కదులుతున్నదో చెప్పలేరు. ఏ కొంగ ఏ తుమ్మచెట్టుకు సూటిగా ఉన్నదో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని, గంట తరువాత వచ్చి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. లఘుగ్రహాన్ని పట్టే పద్ధతి కూడా ఇదే. ఆకాశంలో ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, అందులోని ప్రతి చుక్కనూ పటంలో గుర్తిస్తారు. మరునాటి రాత్రి ఆ భాగాన్నే తిరిగి చూస్తారు. పటంలో లేని చుక్క కనబడితే, లేక ఉన్న చుక్క జరిగితే, దాని వెంట పడతారు.

ఎంత జరుగుతుంది? భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ పోతుంటే, ‘ఆసియా’ సుమారు 19 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అది మనకు దగ్గరగా, సూర్యునికి ఎదురు దిక్కులో ఉన్నప్పుడు ఒక రోజులో ఆకాశం మీద దాదాపు పావు డిగ్రీ జరుగుతుంది. పూర్ణచంద్రుని వెడల్పు అర డిగ్రీ. అంటే చందమామ వెడల్పులో సగం. పటం ఉన్నవానికి ఇది చాలా పెద్ద జరుగుబాటు. పటం లేనివానికి లేనట్లే.

ఇంకొక విచిత్రం ఉంది. ఆ సమయంలో అది ముందుకు కాక వెనక్కి నడుస్తున్నట్లు కనిపిస్తుంది. గద్వాల నుంచి రాయచూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. ముందు పోతున్న ఎద్దుబండిని బస్సు దాటేటప్పుడు, దూరాన ఉన్న గుట్టలతో పోల్చి చూస్తే బండి వెనక్కి జరుగుతున్నట్లు ఉంటుంది. బండి నిజంగా వెనక్కి పోతున్నదా? లేదు. మనమే దాన్ని దాటిపోతున్నాం. అలాగే వేగంగా పోయే భూమి నెమ్మదిగా పోయే గ్రహాన్ని దాటేటప్పుడు ఆ గ్రహం వెనక్కి నడిచినట్లు తోస్తుంది. మన పంచాంగాలలో ‘వక్రగతి’ అని రాసేది దీన్నే.

వెలుగుకు ఒక కొలబద్ద

చుక్కల వెలుగును తరగతులుగా విభజించడం రెండువేల ఏళ్ల నాటి అలవాటు. బాగా ప్రకాశించేవి 1వ తరగతి. చీకటి రాత్రి కంటికి అతికష్టం మీద ఆనేవి 6వ తరగతి. అంకె పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుందన్న మాట. అయితే ఒక తరగతికీ మరొక తరగతికీ తేడా ఎంత? ఎవరి కన్నుకు తోచినంత వారిది. దీనికి ఒక కచ్చితమైన లెక్కను 1856లో సూచించినవాడు ఈ పాగ్సనే.

1వ తరగతి చుక్క 6వ తరగతి చుక్క కంటే 100 రెట్లు వెలుగునిస్తుందని ఆయన నియమం పెట్టాడు. మధ్యలో అయిదు మెట్లు. ప్రతి మెట్టుకూ వెలుగు ఒకే నిష్పత్తిలో తగ్గాలి. ఏ సంఖ్యను అయిదుసార్లు వేసి గుణిస్తే 100 వస్తుందో అదే ఆ నిష్పత్తి. ఆ సంఖ్య సుమారు 2.512. మీరే గుణించి చూడండి.

2.512 × 2.512 = 6.31
6.31 × 6.31 = 39.82
39.82 × 2.512 = 100.03

మొదటి వరుసలో 2.512 రెండుసార్లు, రెండో వరుసలో నాలుగుసార్లు, మూడో వరుసలో అయిదుసార్లు వచ్చింది. దశాంశాలను కుదించుకున్నందువల్ల చివర ఆ 0.03 మిగిలింది. ఈ నిష్పత్తికి ‘పాగ్సన్ నిష్పత్తి’ అని పేరు. ఇవాళ్టికీ ప్రపంచంలోని శాస్త్రజ్ఞులందరూ వాడేది దీన్నే.

ఇప్పుడు మన ‘ఆసియా’ సంగతి చూద్దాం. భూమికి దగ్గరగా వచ్చిన కాలంలో కూడా అది 10 లేక 11వ తరగతి చుక్క. 11 అనుకుంటే, కంటికి కనిపించే చివరి తరగతి అయిన 6 నుంచి అయిదు మెట్లు కింద ఉంది. అంటే కంటికి కనీకనిపించని చుక్క కంటే కూడా నూరు రెట్లు మసక.

మరి దూరదర్శిని ఎలా చూపిస్తుంది? చీకట్లో మన కనుపాప సుమారు 7 మిల్లీమీటర్ల వెడల్పుకు తెరుచుకుంటుంది. 7 సెంటీమీటర్ల కటకం దానికి 10 రెట్లు వెడల్పు. వైశాల్యం 10 × 10 = 100 రెట్లు. కనుక అది నూరు రెట్ల వెలుగును పోగుచేస్తుంది. సరిగ్గా అయిదు మెట్లు! అంటే 7 సెంటీమీటర్ల కటకం ఉన్న దూరదర్శిని 11వ తరగతి చుక్కను అంచున చూపగలదు. దాన్ని చూడడానికి మరీ పెద్ద దూరదర్శిని అవసరం లేదు. నక్షత్రాల నడుమ దాన్ని గుర్తించడానికి మాత్రం మంచి పటమూ ఓపికా కావాలి.

దూరం ఎంత?

1619లో కెప్లర్ ఒక అందమైన సూత్రాన్ని ప్రకటించాడు. ఒక గ్రహం సూర్యుని చుట్టూ తిరిగే కాలాన్ని సంవత్సరాలలో తీసుకుని వర్గం చేయండి. దాని సగటు దూరాన్ని ఖగోళ ప్రమాణాలలో తీసుకుని ఘనం చేయండి. రెండూ సమానం.

‘ఆసియా’ సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి 3.77 సంవత్సరాలు పడుతుంది. 3.77 × 3.77 = 14.2. ఏ సంఖ్య ఘనం 14.2కు దగ్గరగా ఉంటుంది? 2.4 ఘనం 13.8. కాస్త పెంచి 2.42 తీసుకుంటే 2.42 × 2.42 × 2.42 = 14.17. కనుక దాని సగటు దూరం 2.42 ఖగోళ ప్రమాణాలు. 15 కోట్లతో గుణిస్తే సుమారు 36 కోట్ల కిలోమీటర్లు. సూర్యకాంతి మన దగ్గరికి రావడానికి 8 నిమిషాలకు పైగా పడితే, అక్కడికి చేరడానికి 20 నిమిషాలు పడుతుంది.

చూశారా! అక్కడికి ఎవరూ వెళ్లలేదు, టేపు పట్టి కొలవలేదు. కొన్ని రాత్రుల స్థానాల నుంచి గౌస్ చూపిన దారిలో కక్ష్య దొరికింది. కాలం, దూరం రెండూ కెప్లర్ సూత్రానికి కట్టుబడి ఉన్నాయి. పాగ్సన్ చూసిన నాటి నుంచి నేటి వరకు అది నలభై చుట్లకు పైగా తిరిగి, ఏనాడూ లెక్క తప్పలేదు.

గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా

‘ఆసియా’ అడ్డంగా సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. ఇది ఎంతో తెలుసుకోవడానికి మన జిల్లాల పటం తీయండి. గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు స్కేలు పెట్టి సూటిగా గీత గీస్తే దాదాపు 60 కిలోమీటర్లు వస్తుంది. గీత నడుమకు దగ్గరగా వనపర్తి ఉంటుంది. ‘ఆసియా’ను తెచ్చి ఇక్కడ దింపినట్లు ఊహిస్తే దాని ఒక అంచు గద్వాల మీద, మరొక అంచు నాగర్‌కర్నూలు మీద ఉంటుంది. కృష్ణానది దాని నీడలో మునిగిపోతుంది. ఎత్తు కూడా అంతే అనుకుంటే ఎవరెస్టు శిఖరానికి ఇంచుమించు ఏడింతలు.

ఇంత పెద్ద బండను చిన్న గ్రహం అనడమేమిటని అడుగుతారేమో. గ్రహాల లెక్కలో అది చిన్నదే. దానికి గాలి లేదు, నీరు లేదు. రాతి జాతికి చెందిన లఘుగ్రహం. తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి దాదాపు 16 గంటలు తీసుకుంటుంది. అంటే అక్కడ పగలు ఎనిమిది గంటలు, రాత్రి ఎనిమిది గంటలు.

దాని ఆకర్షణ ఎంత ఉంటుందో మనమే అంచనా వేయవచ్చు. గోళం ఉపరితలం మీద ఆకర్షణ దాని వ్యాసార్ధానికీ సాంద్రతకూ అనులోమానుపాతంలో ఉంటుంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, ‘ఆసియా’ది 30. అంటే సుమారు 210వ వంతు. దాని సాంద్రత మామూలు రాయికున్నంత, అంటే భూమి సగటు సాంద్రతలో సగం అనుకుందాం. అప్పుడు ఆకర్షణ భూమి మీద ఉన్నదానిలో 400వ వంతు కంటే కొంచెం తక్కువ. 40 కిలోల పిల్లవాడు అక్కడ స్ప్రింగు త్రాసుకు వేలాడితే ముల్లు 100 గ్రాముల దగ్గర ఆగుతుంది. స్ప్రింగు త్రాసు అని ఎందుకన్నానో ఆలోచించండి. రెండు తట్టల త్రాసులో తూస్తే అక్కడా 40 కిలోల రాళ్లే పెట్టాలి. ఎందుకంటే రాళ్ల బరువు కూడా అంతే వంతున తగ్గిపోతుంది.

ఇదే లెక్కను కొనసాగిస్తే, గంటకు 130 కిలోమీటర్లకు పైబడిన వేగంతో విసిరిన వస్తువు అక్కడికి తిరిగి రాదు. మన క్రికెట్ ఫాస్ట్ బౌలర్లు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తారు గదా! అక్కడ వేస్తే ఆ బంతి ఆకాశంలోకి పోయి, తానూ ఒక బుల్లి లఘుగ్రహమై సూర్యుని చుట్టూ తిరుగుతుంది.

వనపర్తికి వచ్చిన దూరదర్శినులు

మద్రాసు వేధశాల ఒకసారి మన వనపర్తికే వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. దాని నీడ పడే దారి దక్కన్ పీఠభూమి మీదుగా పోయి గుంటూరు, మచిలీపట్నం దగ్గర సముద్రం చేరింది. నీడ దారిలో చాలాచోట్ల సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోయే అరుదైన గ్రహణం అది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. పాగ్సన్ మచిలీపట్నంలో విడిది చేశాడు. వేధశాల మరొక బృందాన్ని వనపర్తికి పంపింది. ఆ బృందంలోనే వేధశాలలో పాగ్సన్‌కు కుడిభుజంలాంటి చింతామణి రఘునాథాచారి వచ్చాడు.

ఈ రఘునాథాచారి చిన్నతనంలోనే వేధశాలలో చేరి, పని చేస్తూ నేర్చుకుని, నక్షత్రాలను కొలవడంలో దిట్ట అయినవాడు. 1867లో దక్షిణాకాశంలోని రెటిక్యులం మండలంలో వెలుగు మారుతుండే ఒక నక్షత్రాన్ని గుర్తించాడు. ఇంగ్లండులోని రాయల్ ఖగోళ సంఘంలో 1872లో సభ్యుడయ్యాడు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే.

వనపర్తిలో ఏం జరిగింది? ఆగస్టు అంటే వానాకాలం. గ్రహణ సమయానికి మబ్బులు కమ్మాయి. పరిశీలనలు పాడయిపోయాయి. అదే రోజు గుంటూరులో, మచిలీపట్నంలో ఆకాశం దయతలచింది. సూర్యుని అంచున ఎగసే ఎర్రని జ్వాలలు మండే వాయువులని, వాటిలో హైడ్రోజన్ ఉందని తేలింది. ఆ వెలుగులోనే కనిపించిన ఒక పసుపుపచ్చ గీత తరువాత హీలియం అనే కొత్త మూలకానికి దారి చూపింది.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. గ్రహణం అయిదారు నిమిషాల ముచ్చట. మబ్బు పడితే అంతే, ఎంత నేర్పు ఉన్నా చేయగలిగింది లేదు. లఘుగ్రహం అలా కాదు. ఈ రాత్రి మబ్బు పడితే రేపు చూడవచ్చు. రేపు కూడా కాకపోతే ఎల్లుండి. ఓర్పు ఉన్నవాడికి అది దొరికి తీరుతుంది. వనపర్తిలో నిరాశ ఎదురైన మూడు నెలలకు, అదే 1868 నవంబరు 17న, మద్రాసు వేధశాల పటాలలో మరొక చుక్క కదిలింది. అదే కెమిల్లా.

చుక్క వెనక కుటుంబాలు

పాగ్సన్‌కు చుక్కలుగా కనిపించినవి ఈనాటి పెద్ద దూరదర్శినులలో వేరే కథలు చెబుతున్నాయి. 1866లో దొరికిన సిల్వియా చుట్టూ రెండు చిన్న ఉపగ్రహాలు తిరుగుతున్నాయని 2005లో ప్రకటించారు. రెండు ఉపగ్రహాలున్న లఘుగ్రహంగా మనకు తెలిసిన మొట్టమొదటిది అదే. కెమిల్లాకు కూడా రెండు ఉపగ్రహాలున్నాయని తరువాత తేలింది.

1885 నాటి వెరా తరువాత మన దేశం నుంచి కొత్త లఘుగ్రహం దొరకడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1988లో తమిళనాడులోని కవలూరు వేధశాలలో రాజమోహన్ ఒకదాన్ని కనుగొన్నారు. గణిత మేధావి పేరు మీద దానికి ‘రామానుజన్’ అని పేరు పెట్టారు. వరుస సంఖ్య 4130. ఆ కవలూరు వేధశాలను నెలకొల్పిన వైణు బప్పు మన హైదరాబాదులో పెరిగినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1979లో చిలీ దేశంలోని వేధశాల నుంచి కనుగొన్న 2596వ లఘుగ్రహానికి వైణు బప్పు పేరే పెట్టారు.

ఇప్పుడు కన్ను బదులు కెమెరా చూస్తుంది, కాగితం పటం బదులు కంప్యూటరు పోలుస్తుంది. చిలీలోని రూబిన్ వేధశాల 2025లో తన తొలి చిత్రాలలోనే ఇంతకుముందు ఎవరూ చూడని 2,104 లఘుగ్రహాలను పట్టుకుంది. తెలిసిన లఘుగ్రహాల సంఖ్య పది లక్షలు దాటింది. అయినా పద్ధతి పియాజీ నాటిదే. ఒకే చోటును రెండుసార్లు చూడు, రాసిపెట్టుకున్నదానితో పోల్చు, కదిలినదాన్ని పట్టుకో. దూరదర్శినులు తీసిన చిత్రాలను బడి పిల్లలకు పంపి కదిలే చుక్కలను వెదికించే కార్యక్రమాలు కూడా నడుస్తున్నాయి. మన దేశపు విద్యార్థులు వాటిలో పాల్గొంటున్నారు.

చేసి చూడండి

దూరదర్శిని లేకపోయినా కదిలే చుక్కను మీరు పట్టుకోవచ్చు. రాత్రిపూట కుజుడు గాని గురుడు గాని బాగా కనిపించే నెలలో ఒక తెల్ల కాగితం తీసుకోండి. గ్రహాన్నీ, దాని చుట్టూ ఉన్న అయిదారు నక్షత్రాలనూ ఉన్నవి ఉన్నట్లు గుర్తించండి. చేయి బారుగా చాచి చూస్తే చిటికెనవేలు వెడల్పు సుమారు ఒక డిగ్రీ, పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. దూరాలను ఈ కొలతతో వేయండి. పటం మీద తేదీ, వేళ తప్పక రాయండి. మూడు రోజులకొకసారి చొప్పున నెల రోజులు అదే కాగితం మీద గ్రహం చోటును గుర్తించండి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. గ్రహం మాత్రం దారి గీస్తుంది. మబ్బు పట్టిన రోజున ‘మబ్బు’ అని రాయండి. చూడకుండా ఊహించి చుక్క పెట్టవద్దు.

ప్రశ్నలు

1. ఒక లఘుగ్రహం సూర్యుని చుట్టి రావడానికి 8 సంవత్సరాలు పడితే దాని సగటు దూరం ఎన్ని ఖగోళ ప్రమాణాలు?
2. 1వ తరగతి నక్షత్రం 11వ తరగతి చుక్క కంటే ఎన్ని రెట్లు ప్రకాశవంతం?
3. ఒకే ఒక్క రాత్రి చూసి ఒక చుక్క లఘుగ్రహమని ఎందుకు చెప్పలేం?

జవాబులు: 1. నాలుగు. 8 వర్గం 64, 4 ఘనం 64. 2. పది మెట్ల తేడా కనుక 100 × 100 = 10,000 రెట్లు. 3. మూడో జవాబు మీ పటమే చెబుతుంది.